కేంద్ర కార్మికశాఖయు, మన యూళ్ల వెట్టియు

మన యూరి పేరులో రెండు మాటలున్నవి. ఘన్‌పూరు పాతది, స్టేషను దానికి తరువాత వచ్చి తోడైనది. ఓరుగల్లు సీమలో ఘన్‌పూరు మరియొకటి కలదు. కాకతీయుల నాటి కోటగుళ్లతో ములుగు దిక్కున వెలసిన ఆ యూరు నేడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది. గుళ్ల ఘన్‌పూరు నుండి ఈ ఘన్‌పూరును వేరుచేసి చెప్పుటకు జనులు 'స్టేషను' అను మాటను ముందు నిలుపుకొనిరి. నిజాము ప్రభుత్వపు పూచీతో ఏర్పడిన రైల్వే కంపెనీ 1886 నాటికి సికిందరాబాదు నుండి వరంగల్లు వరకు దారి వేసినది. జనగామకును కాజీపేటకును నడుమ ఆ దారిపై పడినది గనుక మన యూరు స్టేషన్ ఘన్‌పూరైనది.

స్టేషనునకును ఊరికిని నడుమ నడక కొలది నిమిషములదే. కాని భారత ప్రభుత్వపు కార్మికశాఖ చరిత్రను చదువువానికి ఆ దూరము తొంబదియైదేండ్ల దూరముగా కనబడును. యంత్రమునొద్ద పనిచేయు మనిషిని గూర్చి ఈ దేశమున తొలి చట్టము పుట్టినది 1881లో. దొరగడి ముందు కూలి లేక పనిచేయు మనిషి పని పేరు కేంద్రచట్టములో అచ్చుపడినది 1976లో. ఈ రెండు సంవత్సరముల నడుమ నడచిన కథయే ఈ వ్యాసమునకు విషయము.

పరీక్షలకు చదువు విద్యార్థులకు కార్మికచట్టముల పేర్లు, సంవత్సరములు కంఠస్థమై యుండును. అది మంచిదే. కాని ఆ చట్టములలో 'కార్మికుడు' అనిన ఎవడు, ఎవడు కాడు అను ప్రశ్న వేసుకొన్నచో ఆ సంవత్సరములకు ప్రాణము వచ్చును. 1881 నాటి ఫ్యాక్టరీల చట్టము నూరుగురికి తక్కువ గాక పనివారుండి, యంత్రశక్తితో నడచు కర్మాగారములకు మాత్రమే వర్తించెను. ఏడేండ్లు నిండని బిడ్డలను పనిలో పెట్టుకొనరాదు. పండ్రెండేండ్ల లోపువారి చేత దినమునకు తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదు. అంతే. పెద్దవారి పనిగంటలకు హద్దు లేదు. ఈ చట్టము వెనుక జాలి యెంత, బొంబాయి మిల్లుల పోటీకి వెరచిన లాంకషైరు యజమానుల ఒత్తిడి యెంత అను విషయమును చరిత్రకారులు నేటికిని తూచుచునే యున్నారు. రెండును ఉండెననియే నా తలంపు.

కార్మికుల కొరకు ఢిల్లీలో ప్రత్యేకముగా ఒక శాఖ ఉండవలెనను ఆలోచన మన నేలమీద మొలచినది కాదు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసి 1919లో అంతర్జాతీయ కార్మికసంస్థ ఏర్పడినపుడు భారతదేశము స్థాపక సభ్యులలో ఒకటి. వాషింగ్టనులో జరిగిన తొలి సమావేశమునకు మన కార్మికుల పక్షమున ఎన్.ఎం. జోషిగారు వెళ్లిరి. ప్రతినిధిని ఎన్నుకొనుటకు దేశమంతటికి ఒక కార్మికసంఘము లేకపోవుట అప్పుడు అందరి కంటబడినది. మరుసటి యేడే, 1920లో, లాలా లజపతిరాయి అధ్యక్షతన బొంబాయిలో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు పుట్టెను. ప్రపంచసభలో సమాధానము చెప్పుకొనవలసి వచ్చుటచే ప్రభుత్వమునకును లెక్కలు కావలసి వచ్చెను. 1920లో కార్మిక సమాచార కార్యాలయమొకటి తెరచి, 1923లో పొదుపు పేరిట మూసివేసిరి. పొదుపు చేయదలచినపుడు మొట్టమొదట లెక్కలు వ్రాయువానిని తొలగించుట ప్రభుత్వములకు పాత అలవాటు.

ఆ 1923లోనే 'పరిశ్రమలు, కార్మికులు' అను పేరుతో ఒక శాఖ ఏర్పడెను. పరిశ్రమ ముందు, కార్మికుడు వెనుక. పేరులోని ఈ వరుస ఆ శాఖ నడచిన తీరునకు అద్దమువంటిదే. 1937లో దానిని రెండుగా చీల్చి, రాకపోకల వ్యవహారములను ఒకవైపునకును, కార్మికవ్యవహారములను మరియొకవైపునకును పంచిరి.

ఈ నడుమ 1929లో ఒక గొప్ప విచారణ జరిగెను. ఆంగ్ల పార్లమెంటు దిగువసభకు లోగడ స్పీకరుగా నుండిన విట్లీ దొర అధ్యక్షతన రాయల్ కమిషను నియమింపబడి, దేశమంతయు తిరిగి, 1931లో నివేదిక నిచ్చెను. నష్టపరిహారము, కూలి చెల్లింపు, గనుల పని, ఇండ్ల వసతి మొదలగు ఎన్నో విషయములలో తరువాతి చట్టములకు అది విత్తనము. ఆ శ్రమను తక్కువ చేసి చెప్పరాదు. కాని ఆ కమిషనునకు అప్పగించిన పనికి మూడు కంచెలుండెను. పరిశ్రమలు, తోటలు అని రెండు. అదియును బ్రిటిషిండియాలోనివి మాత్రమే అని మూడవది. నాగలి పట్టినవాడు అందులో లేడు. సంస్థానములలోని మనిషియు లేడు. నిజాము రాజ్యములోని ఘన్‌పూరు కూలివాడు కనుక రెండువిధముల ఆ కంచెకు వెలుపలనే నిలిచెను. మరొక వింత చూడుడు: నిజాము రాజ్యమున పోవు రైలుదారి భూములపై న్యాయాధికారము చాలకాలము ఆంగ్లేయుల చేతిలోనుండెను. అనగా కట్ట మీద ఒక ప్రభుత్వము, కట్ట దిగిన మరియొక ప్రభుత్వము.

కట్ట దిగి ఊరిలోనికి పోయి చూతము.

'వెట్టి' అను మాట సంస్కృతమునందలి 'విష్టి' నుండి వచ్చినదని భాషావేత్తలు చెప్పుదురు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆ మాట కలదు. కూలి లేకుండ రాజు చేయించుకొను పని అని దానికి అర్థము. తత్సమము తద్భవమగునపుడు అక్షరములు అరిగినవి గాని అర్థము మాత్రము అరగలేదు. తెలంగాణమున దేశముఖులకును, గ్రామాధికారులకును, పర్యటనకు వచ్చు ఉద్యోగులకును వెట్టి చేయని కులము దాదాపు లేదు. చాకలి బట్టలుదుకవలెను, అంట్లు తోమవలెను. కుమ్మరి కుండలియ్యవలెను. మంగలి దొర ఇంట ఊడిగము చేయవలెను. గొల్లవాడు పండుగకును పబ్బమునకును గొర్రెనియ్యవలెను. గీతకార్మికుడు చెట్లు విడిచిపెట్టవలెను. మాదిగ తోలుపని యంతయు ఊరక చేసి చెప్పులు కుట్టియ్యవలెను. ఇంటికొక మనిషి చొప్పున వంతు వేసి జాబులు మోయుటకు, బండి ముందు పరుగెత్తుటకు, దొరపొలము దున్నుటకు పోవలెను. తన పొలము ఆరిపోవుచున్నను దొరపొలము ముందు తడపవలెను.

వెట్టికి తోడు భగేలా. పెండ్లికో, పితృకార్యమునకో చేసిన చిన్న అప్పునకు మనిషి తన ఒడలిని కుదువపెట్టుట భగేలా. వడ్డీ పెరుగుచుండును, పని వడ్డీకే చెల్లుచుండును, తండ్రి అప్పు కొడుకునకు దిగును. భూమి వలెనే అప్పును వారసత్వమగుట ఇందలి విశేషము. జీతము అను మాటను గూర్చి కూడ ఒక్కమాట చెప్పవలెను. నెల తిరుగుసరికి జీతము తీసికొను మనవంటి ఉపాధ్యాయులకు అది గౌరవమైన మాట. కాని పల్లెలో 'పిల్లవానిని జీతమునకుంచినారు' అనిన, ఆ పిల్లవాడు బడికి రాడని అర్థము. ఒక్క మాట రెండు వాకిళ్ల ముందు రెండు ముఖములతో నిలుచుండుట భాష నేర్పు పాఠములలో కెల్ల కఠినమైనది. పెద్దలనోట ఇట్టి మాటలు ఇంకను కొన్ని మిగిలియున్నవి. విద్యార్థులచేత తాతలనడిగించి వ్రాయించినచో, ఏ నిఘంటువునకును తక్కువ కాని సంపద మన బడులలో చేరును.

మన యూరికి దక్షిణమున పాలకుర్తి. పాల్కురికి సోమనాథుని పేరుతోను, ఆ దాపుననే బమ్మెర పోతన పేరుతోను ఆ సీమ తెలుగు ఉపాధ్యాయులకు పుణ్యభూమి. ఆ నేలమీదనే విసునూరు దేశముఖు గడియు ఉండెనని పాఠము చెప్పునపుడు మనము చెప్పము. హైదరాబాదు ప్రభుత్వము వెట్టిని కట్టడిచేయుచు ఉత్తరువులు వెలువరించకపోలేదు. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు ఆంధ్ర జనసంఘము ద్వారాను, 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ ద్వారాను ఆ ఉత్తరువులను జనులకు తెలియజేయుటకు పాటుపడిరి. భగేలా ఒడంబడికలపై 1943లో నిబంధన కూడ వచ్చెను. ఐతే ఉత్తరువును అమలుపరచవలసినవాడు గ్రామాధికారి. వెట్టి చేయించుకొనువాడును అతడే.

ఇక 1946. కార్మికచరిత్రను బోధించువారు ఈ ఒక్క సంవత్సరమును పలకమీద రెండు నిలువుగడులుగా వ్రాసి చూపవలెనని నా కోరిక.

ఒక గడిలో ఢిల్లీ. 1942 జూలైలో డాక్టరు అంబేద్కరు వైస్రాయి కార్యనిర్వాహకసభలో కార్మికసభ్యులైరి. నాడు ఆ శాఖ చేతిలో కార్మికులే గాక నీటిపారుదల, విద్యుత్తు, గనులు, ప్రభుత్వ కట్టడములు కూడ ఉండెను. అంబేద్కరుగారిని రాజ్యాంగ నిర్మాతగా మన విద్యార్థులెరుగుదురు గాని, నాలుగేండ్లు కార్మికశాఖను నడపినవారుగా ఎరుగరు. ప్రభుత్వము, యజమానులు, కార్మికులు అను మూడు పక్షములు ఒక బల్లచుట్టు కూర్చుండు త్రైపాక్షిక సమావేశము 1942 ఆగస్టులో వారి అధ్యక్షతన ఢిల్లీలో జరిగెను. 1945లో ప్రధాన కార్మిక కమిషనరు కార్యాలయము వెలసెను. యుద్ధమునుండి తిరిగివచ్చు సైనికులకు పని చూపుటకై అదే యేడు ఉద్యోగకల్పన కార్యాలయములు మొదలయ్యెను. మన విద్యార్థులు తరతరములుగా పేర్లు నమోదు చేయించుకొని కార్డు దాచుకొనిన ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజిల పుట్టుక ఇదియే. 1946 ఏప్రిలులో కనీసవేతనముల బిల్లును వారు శాసనసభలో ప్రవేశపెట్టిరి. ఆ యేడే ఫ్యాక్టరీలలో వారమునకు 54 గంటలుగా నున్న పనిని 48 గంటలకు తగ్గించిరి. అక్టోబరు 1న సిమ్లాలో కార్మిక గణాంక కార్యాలయము తెరచిరి. 1923లో పొమ్మన్న లెక్కలవాడు ఇరువదిమూడేండ్లకు మరల వచ్చెనన్నమాట.

రెండవ గడిలో కడవెండి. ఆ 1946 జూలై 4న, విసునూరు దేశముఖు ఆగడములను ఎదిరించి ఊరేగింపుగా కదలిన సంఘము జనులపై గడినుండి తుపాకి ప్రేలెను. దొడ్డి కొమరయ్య ప్రాణములు కోల్పోయెను. అక్కడినుండి కార్చిచ్చువలె లేచిన పోరాటమును గూర్చి తెలియని ఇల్లు మన జిల్లాలో లేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన పంటను దేశముఖు మనుషులు కోసికొనిపోకుండ సంఘము అండతో నిలిచినది. పండించినది తన రెక్కలు గనుక పంట తనదన్నది ఆమె వాదము. ఊరి తరువాత ఊరు వెట్టి మానివేసెను. ఏ గెజెటులోను ప్రకటన వెలువడలేదు. ఏ కార్మికాధికారియు ఆ దారిన రాలేదు.

పనిగంటలను లెక్కించు మనుషులకును, పనిగంటలే లేని మనుషులకును నడుమ ఆనాడు ఎంత దూరముండెనో ఈ రెండు గడులు చెప్పును. ఢిల్లీ చేసినది వ్యర్థమని నేననుట లేదు. 48 గంటల వారము వరంగల్లు ఆజంజాహీ మిల్లువంటి చోట్ల పనిచేయు కుటుంబములకు పిదప ఎంతో మేలు చేసినది. కాని పోలిక పెట్టకుండ ఒక్క గడినే చదువుట సగము చరిత్రను చదువుటయే.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలిసెను. 1950లో వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున బేగారును, అట్టి బలవంతపు చాకిరిని నిషేధించెను. కేంద్రచట్టములు పెక్కు 1951లో హైదరాబాదు రాష్ట్రమునకు విస్తరించెను. ఈలోపల 1946లో జగజ్జీవనరామ్‌గారు కార్మికమంత్రియైరి. బీహారులో వ్యవసాయకూలీల సంఘమును నడపివచ్చినవారు. అంబేద్కరుగారి బిల్లు వీరి హయాములో 1948లో కనీసవేతనముల చట్టమాయెను. దాని వెనుక జాబితా రెండుభాగములు. మొదటిభాగమున బియ్యపుమిల్లులు, బీడీలు, నూనెమిల్లులు, రాళ్లు కొట్టుట, తోళ్లపని మొదలైనవి వరుసగా నున్నవి. రెండవభాగమున ఒకే ఒక్క పని: వ్యవసాయము. దేశమున కోటానుకోట్ల మందికి అన్నము పెట్టు పనిని ఒంటరిగా వెనుకపుటలో కూర్చుండబెట్టిరి. రాష్ట్రప్రభుత్వములు అందుకు వేతనము నిర్ణయించుటకు ఇచ్చిన గడువును మాటిమాటికి పొడిగించిరి కూడ. ఐనను నేను జగజ్జీవనరామ్‌గారిని తప్పుపట్టను. నాగలి పట్టువాని కొరకు చట్టములో ఒక్క పుటయైనను తెరచిన తొలి చట్టమదియే.

ఆ శాఖయే 1950–51లో తొలి వ్యవసాయకూలీల విచారణ జరిపించెను. దాదాపు 800 గ్రామములలో విచారణాధికారులు ఇల్లిల్లు తిరిగిరి. కూలికుటుంబమునకు సగటున ఏడాదికి వచ్చు ఆదాయము 447 రూపాయలని, మనిషికి 104 రూపాయలని తేలెను. కార్మికశాఖ పొలముగట్టు మీద నడచుట అదియే మొదలు.

ఇప్పుడు మనవాని కథ. బరంపురమున 1894లో పుట్టిన వరాహగిరి వేంకటగిరిగారు న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండు వెళ్లి, అక్కడి స్వాతంత్ర్యపోరాటపు గాలి తగిలి 1916లో తిరిగివచ్చిరి. బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులలో పనిచేసిరి. 1927లో ఖరగ్‌పూరు కర్మశాలల సమ్మె వారి పేరును దేశమంతట వినిపించెను. 1937లో రాజాజీ మంత్రివర్గమున మద్రాసులో కార్మికమంత్రి. 1952లో పాతపట్నము నుండి లోక్‌సభకెన్నికై కేంద్రమున కార్మికమంత్రి. సమ్మె చేయించినవాడు సమ్మె తీర్పరిగా కూర్చుండుట చిన్న మార్పు కాదు.

గిరిగారికి ఒక సిద్ధాంతముండెను. దానిని నాడు 'గిరి పద్ధతి' అనియే పిలిచిరి. యజమాని, కార్మికసంఘము ఎదురెదురుగా కూర్చుండి మాటలాడి తేల్చుకొనవలెను. ప్రభుత్వము నిర్బంధముగా వివాదమును న్యాయమండలికి పంపుట మానవలెను. న్యాయమండలి తీర్పునకు అలవాటుపడిన సంఘము తన కాళ్లమీద నిలువలేదని వారి నమ్మకము. 1952 అక్టోబరులో నైనితాలులో జరిగిన కార్మికసమావేశమున ఈ వాదమును వారు గట్టిగా వినిపించిరి. యజమానులు జంకిరి. కాంగ్రెసు పక్షపు కార్మికనాయకులు పెక్కురు ఒప్పుకొనలేదు. సహమంత్రులకు సమ్మెలు పెరుగునని భయము. గిరిగారి మాట నెగ్గలేదు.

1954లో బ్యాంకు ఉద్యోగుల వివాదము వచ్చెను. న్యాయమండలి యిచ్చిన తీర్పును ప్రభుత్వము తనకుతానై మార్చి, ఉద్యోగులకు వచ్చిన దానిలో కొంత తగ్గించెను. న్యాయమండలులనే ఇష్టపడని మంత్రి, ఆ న్యాయమండలి తీర్పు కొరకే పదవిని విడిచెను. ఇందు విరోధము లేదు. ఆటకు నియమమొకటి పెట్టిన తరువాత, ఓడినవాడు బలవంతుడు గదా అని నియమమును మార్చరాదని వారి వాదము. పిమ్మట గజేంద్రగడ్కరుగారి విచారణ జరిగి, తగ్గించిన దానిలో చాలభాగము ఉద్యోగులకు తిరిగి వచ్చెను. పదవులు విడుచుట అరుదైన ఈ కాలమున ఈ ఘట్టమును విద్యార్థులకు ఒకటికి రెండుసార్లు చెప్పవచ్చును. నోయిడాలోని జాతీయ కార్మికసంస్థ 1995 నుండి వారి పేరనే నడచుచున్నది.

ఐనను గిరిగారి బల్ల ముందు ఎవరు కూర్చుండగలరు? సంఘమున్నవాడు, హాజరుపట్టీలో పేరున్నవాడు. భగేలాకు హాజరుపట్టీ లేదు. అతని కూలి గోడమీద గీతలుగానో, దొర లెక్కపుస్తకములోనో ఉండును. ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుటకు మునుపు, దొర ఎదుట కూర్చుండు హక్కు రావలెను. ఆ హక్కును ఏ త్రైపాక్షిక సమావేశమును కార్యక్రమములో చేర్చలేదు. 1957లో, గుల్జారీలాల్ నందాగారి కాలమున, కార్మికకుటుంబపు కనీసావసరముల కొలత కట్టిరి: పెద్దమనిషికి దినమునకు 2700 క్యాలరీల ఆహారము, నలుగురికి ఏడాదికి 72 గజముల బట్ట. ఈ కొలతను చదివినపుడెల్ల, గడికి ఊరకనే నేసియిచ్చిన మన సాలెల బట్ట ఏ గజములలోనికి వచ్చునో నాకు తోచదు.

1930లోనే అంతర్జాతీయ కార్మికసంస్థ నిర్బంధచాకిరిపై ఒడంబడికను ఆమోదించెను. భారతదేశము దానిని ధ్రువీకరించినది 1954 నవంబరులో. ధ్రువీకరించిన తరువాత దేశమంతటికిని వర్తించు చట్టము వచ్చుటకు మరి ఇరువదియొక్క యేండ్లు పట్టెను.

ఈ నడుమ మరియొక తెలుగువారు ఆ శాఖకు వచ్చిరి. కర్నూలు చెంత పెదపాడులో నిరుపేద దళితకుటుంబమున పుట్టి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియైన దామోదరం సంజీవయ్యగారు 1964 నుండి 1966 వరకు కేంద్ర కార్మికమంత్రి. లాభమున్నను లేకున్నను వేతనములో 4 శాతమో, 40 రూపాయలో, ఏది ఎక్కువైన అది కనీస బోనసుగా ఇయ్యవలెనను 1965 నాటి చట్టము వారి కాలముది. అంబేద్కరు, జగజ్జీవనరామ్, సంజీవయ్య. ఈ మువ్వురికి వెట్టి అను మాటకు అర్థము నిఘంటువులో వెదుకవలసిన పని లేదు. ఐనను వారి చేతికి వచ్చిన శాఖ మాత్రము ఫ్యాక్టరీగోడలను చూచి కట్టినది. మనిషి మారినంత వేగముగా కార్యాలయము మారదు. ఆ తరువాతి కాలమున ఆల్విన్ కర్మాగారపు కార్మికుడుగా జీవితము మొదలిడిన టి. అంజయ్యగారు, ఇంకను ఇటీవల కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు, బండారు దత్తాత్రేయగారు ఆ శాఖలో మంత్రులుగా పనిచేసిరి.

1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1976 ఫిబ్రవరిలో చట్టమైన వెట్టిచాకిరి నిర్మూలన శాసనమును గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. నాడు కార్మికశాఖను నిర్వహించుచుండినవారు కె.వి. రఘునాథరెడ్డిగారు, వారును తెలుగువారే. దేశమున అత్యవసరపరిస్థితి నడచుచుండెను. పౌరస్వేచ్ఛలు అణగియున్న కాలముననే దాస్యమును రద్దుచేయు చట్టము వచ్చుట చరిత్ర చేయు వింతలలో ఒకటి. చట్టము మాత్రము మంచిది. కట్టుబడినవాని అప్పు ఆ దినముతో మాసిపోవును. అప్పు కట్టుబానిసది కాదని నిరూపించు భారము అప్పిచ్చినవానిదే. కట్టుబాటు చేయించినవానికి మూడేండ్ల వరకు కారాగారము. జిల్లాకును, సబ్‌డివిజనునకును పర్యవేక్షకసంఘములుండవలెను; అధికారము కలెక్టరుది.

భాషోపాధ్యాయుడనగుటచే నన్నాకర్షించునది ఆ చట్టపు రెండవ సెక్షను. అందు 'ఒడంబడిక' అను పదమునకు నిర్వచనమున్నది. అప్పిచ్చినవానికి, పుచ్చుకొన్నవానికి నడుమ కాగితముండనక్కరలేదు; ఊరి ఆచారమునుబట్టియే ఒడంబడిక ఉన్నట్లు భావింపవలెనని చెప్పి, అట్టి ఆచారముల పేర్లు దాదాపు ముప్పది, ఆంగ్లాక్షరక్రమమున ఇచ్చిరి. దేశములోని ఎన్నియో భాషల మాటలవి. వానిలో భగేలా ఉన్నది. జీత ఉన్నది. పాలేరు ఉన్నది. పట్టిక చివరి మాట వెట్టి. సాధారణముగా చట్టములు తమ పదములను ఆంగ్లమునుండి తెచ్చి మన నోళ్లలో పెట్టును. ఇక్కడ పల్లె మాటలే పార్లమెంటునకు నడచిపోయి కూర్చున్నవి. పైగా వెట్టికి అప్పుతో పని లేదని, పుట్టిన కులమే దానికి కారణమని చట్టకర్తలకు తెలియును కాబోలు. ఏదేని కులమున లేక జాతిలో పుట్టుటచే వచ్చు చాకిరిని కూడ మరియొక నిర్వచనమున చేర్చిరి.

విడిపించుట సులువు, నిలువబెట్టుట కష్టము. విముక్తుని పునరావాసమునకు 1978లో 4000 రూపాయలు నిర్ణయించిరి. 2000లో దానిని 20,000 చేసిరి. 2016లో పురుషునికి ఒక లక్ష, స్త్రీలకును బాలలకును రెండు లక్షలు, మిక్కిలి ఘోరమైన సందర్భములలో మూడు లక్షలు అనిరి. 1982లో సుప్రీంకోర్టు ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడముల పనివారి వ్యాజ్యమున మరియొక అడుగు వేసెను. కనీసవేతనమునకు తక్కువ యిచ్చి పని చేయించుకొనుటయు రాజ్యాంగము నిషేధించిన నిర్బంధచాకిరియేనని తీర్పు. ఆకలియు బలవంతమేనని దాని తాత్పర్యము. ఇక గ్రామీణ కార్మికులను గూర్చి ప్రత్యేకముగా జాతీయ కమిషను ఏర్పడినది 1987లో. 1991లో నివేదిక నిచ్చిన ఆ కమిషనునకు అధ్యక్షులు తెలంగాణమున పుట్టిన ఆర్థికశాస్త్రవేత్త సి.హెచ్. హనుమంతరావుగారు. విట్లీ కమిషను వదలివేసిన పొలమునకు విచారణ చేరుకొనుటకు అరువదియేండ్లు పట్టినదన్నమాట. ఆ పిదప 2005లో వచ్చిన గ్రామీణ ఉపాధిహామీ చట్టమును కార్మికశాఖకు గాక గ్రామీణాభివృద్ధిశాఖకు అప్పగించిరి. పల్లెకూలి ఆ శాఖ తలుపు తట్టినపుడెల్ల అతనిని పక్కయింటికి పంపుచునే యున్నారు.

2020లో ఈ దృష్టిలోపము మరల బయటపడెను. కరోనా కాలమున వలసకార్మికులు నడచి ఇండ్లకు పోవుట దేశమంతయు చూచినది. వారి కొరకు వేసిన శ్రామిక రైళ్లలో మొదటిది మే 1న మన లింగంపల్లి నుండి ఝార్ఖండులోని హటియాకు బయలుదేరెను. సుమారు 1200 మంది ఎక్కిరి. ఆ యేడు సెప్టెంబరులో పార్లమెంటు సభ్యులు ప్రశ్నింపగా, లాక్‌డౌనులో మరణించిన వలసకార్మికుల లెక్కలు తమవద్ద లేవని కార్మికశాఖ బదులు చెప్పెను. 1881 నుండి గోడలోపలి వారిని లెక్కించుటకు అలవాటుపడిన కంటికి దారిమీది మనిషి కనబడలేదు. మరుసటి ఆగస్టులో అసంఘటితకార్మికుల పేర్లు నమోదు చేయుటకు 'ఈ-శ్రమ్' మొదలు పెట్టిరి. మన మండలములోని వ్యవసాయకూలీలు కూడ అందులో పేరు వ్రాయించుకొనవచ్చును.

2019లోను 2020లోను పార్లమెంటు నాలుగు కార్మికస్మృతులను ఆమోదించెను. 2025 నవంబరు 21న అవి అమలులోనికి వచ్చినవి. 29 పాతచట్టములు వానిలో లీనమైనవి. కనీసవేతనముల చట్టము, బోనసు చట్టము, ఫ్యాక్టరీల చట్టము ఆ ఇరువదితొమ్మిదిలోనివి. కనీసవేతనమునకు రెండుభాగముల జాబితా ఇప్పుడు లేదు. ఏ పని చేయువాడైనను కనీసవేతనమునకు అర్హుడేయని కొత్తస్మృతి చెప్పుచున్నది. అమలు ఎట్లుండునో చూడవలసియున్నది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము మాత్రము ఆ ఇరువదితొమ్మిదిలో చేరలేదు. అది విడిగా నిలిచియున్నది. భగేలా, జీత, పాలేరు, వెట్టి అను మాటలు అందులో అట్లే యున్నవి.